పారిష్ కౌన్సిల్ సమీక్ష: ఏడాదికి నలభై పౌండ్లు, వారానికి పది గంటల క్లర్క్

ఇంగ్లండ్‌లో ఊరి పొలిమేరల్లో లేచిన కొత్త ఎస్టేట్లలో ఇల్లు కొనుక్కున్నవాళ్లకు మార్చిలో కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు వస్తుంది. కౌంటీకింత, డిస్ట్రిక్ట్‌కింత, పోలీసుకింత, ఫైర్ సర్వీసుకింత అంటూ వరసలు దాటుకుంటూ వస్తే అడుగున ‘పారిష్’ అని ఒక చిన్న అంకె కనిపిస్తుంది. చర్చి చందా కాబోలు అనుకుంటారు చాలామంది. కాదు. 1894 చట్టంతోనే ఊరి పారిష్ వేరు, చర్చి పారిష్ వేరు అయిపోయాయి. ఈ డబ్బు వెళ్లేది మన భాషలో చెప్పాలంటే ఊరి పంచాయతీకి. ఇంగ్లండ్‌లో ఇలాంటివి పది వేల దాకా ఉన్నాయి. పెద్ద టౌన్ కౌన్సిళ్లను పక్కనపెట్టి, ఏడెనిమిది వందల గడపలు, తొమ్మిది మంది కౌన్సిలర్లు, ఒకే ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగి ఉండే చిన్న కౌన్సిల్‌ను ఒక సేవగా తీసుకుని చేస్తున్న సమీక్ష ఇది.

రేటింగ్ ముందే చెప్పేద్దాం. బాగా నడిచే చోట ఐదుకి నాలుగు. ఆ బిల్లు మొత్తంలో ఇంత చవకైన సేవ ఇంకొకటి లేదు. బాగా నడవని చోట ఐదుకి ఒకటి, అదీ పార్కులో ఉయ్యాల ఇంకా ఊగుతోంది కాబట్టి. ఈ రెంటి మధ్య తేడాను తెచ్చేది ఛైర్మన్ గొప్పతనమో, ఊరి కలిమో కాదు. క్లర్క్‌కు ఎన్ని గంటలు ఇచ్చారు, ఆ గంటలను ఎలా వాడుకుంటున్నారు అన్నదే.

కొత్తవాళ్లు ఇచ్చే ఒక్క నక్షత్రం రివ్యూల్లో సగం చిరునామా తప్పినవి. రోడ్డు మీద గుంతలు కౌంటీ పని, చెత్తబుట్టలు డిస్ట్రిక్ట్ పని (ఈ రెండూ కలిసిపోయిన చోట యూనిటరీ కౌన్సిల్ పని). ఇంటి వెనక గది కట్టుకోవడానికి అనుమతి ఇచ్చేదీ డిస్ట్రిక్టే. పారిష్‌ను అభిప్రాయం అడుగుతారు, 21 రోజుల్లో రాయాలి, దాన్ని పాటించి తీరాలన్న నియమం లేదు. మరి పారిష్ చేతిలో ఏముంటాయి? పిల్లల పార్కు, ఆటస్థలం, గడ్డి కోత, బెంచీలు, బస్ షెల్టరు, కూరగాయల మడులు, కొన్నిచోట్ల శ్మశానం, కొన్ని వీధి దీపాలు, గోడకు తగిలించిన డీఫిబ్రిలేటర్ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం).

మడుల సంగతి తెలుగువాళ్లు గుర్తుపెట్టుకోదగ్గది. గోంగూర, తోటకూర వేసుకోవడానికి స్థలం లేదని బాధపడే ఆరుగురు ఓటర్లో, ట్యాక్స్ కట్టేవాళ్లో కలిసి రాతపూర్వకంగా అడిగితే, 1908 నాటి చట్టం ప్రకారం ఆ విజ్ఞప్తిని కౌన్సిల్ పరిశీలించి తీరాలి. ఇచ్చి తీరాలని కాదు, పరిశీలించి తీరాలి.

క్లర్క్ అంటే గుమస్తా కాదు

పేరు చూసి మోసపోకూడదు. మన దగ్గర పంచాయతీ కార్యదర్శి చేసే పనే ఇక్కడి క్లర్క్ పని. తేడా ఏమిటంటే, కార్యదర్శిని ప్రభుత్వం వేస్తుంది, జీతం ప్రభుత్వం ఇస్తుంది. పైన మండలం ఉంటుంది, జిల్లా ఉంటుంది. ఇక్కడ క్లర్క్‌ను ఆ తొమ్మిది మంది కౌన్సిలర్లే వేసుకుంటారు, వాళ్లే జీతమిస్తారు, వాళ్లకే చట్టం చెప్పాలి. ‘ఇది కుదరదండీ’ అని చెప్పాల్సింది తన జీతం ఖాయం చేసే మనిషికే. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. చిన్న కౌన్సిళ్లలో లెక్కల బాధ్యత ఉన్న అధికారి కూడా చాలావరకు ఈ మనిషే.

సర్పంచ్‌ను చూసిన కళ్లకు ఇక్కడి ఛైర్మన్ కొంచెం వింతగా ఉంటాడు. ఛైర్మన్‌కు ఒంటరిగా నిర్ణయం తీసుకునే అధికారం లేదు. సమావేశం నడపడం, ఓట్లు సమానమైతే అదనపు ఓటు వేయడం, అంతే. ‘ఛైర్మన్ సరే అన్నారు’ అన్న మాటతో ఏ కాంట్రాక్టర్ పని మొదలుపెట్టినా, ఆ బిల్లు కట్టేటప్పుడు గొడవ తప్పదు. నిర్ణయం ఎప్పుడూ కౌన్సిల్‌ది. లేదంటే తీర్మానం ద్వారా అధికారం అప్పగించిన కమిటీదో క్లర్క్‌దో. ‘ఛైర్మన్‌కు అప్పగిస్తున్నాం’ అన్న తీర్మానం చెల్లదు. ఈ తప్పు మినిట్స్‌లో (సమావేశం రాతల్లో) ఎంత తరచుగా కనిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

వారానికి పది గంటలంటే నెలకు 43. అవి ఎటు పోతాయో ఉరామరిగా చూడండి. అజెండా, దానికి జతచేసే కాగితాలు సిద్ధం చేయడానికి ఐదు గంటలు. సమావేశం, హాలు తలుపులు తీసి వేయడంతో కలిపి మూడు. మినిట్స్ మూడు. బిల్లులు, చెల్లింపులు, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పుస్తకం సరిచూడటం నాలుగు. ప్లానింగ్ అభిప్రాయాలు రెండు. జీతం లెక్క పన్నుశాఖకు పంపడం ఒకటి. రోజుకు ముప్పావు గంట ఈమెయిళ్లు, ఫోన్లు అనుకున్నా నెలకు పదహారు. ఇప్పటికే 34 అయ్యాయి. మిగిలిన తొమ్మిదింటిలో పార్కు తనిఖీ రిజిస్టరు, వెబ్‌సైట్, బీమా, గడ్డి కోసేవాడు రాలేదని వెంటపడటం. ఏప్రిల్, మే, జూన్‌లలో సంవత్సరాంతపు లెక్కలు వచ్చి మీద పడతాయి. అంటే ఏ గొడవా లేని నెలలోనే పది గంటలు అంచుదాకా నిండిపోతాయి. ఎవరైనా ఒక్కరు వరసగా సమాచార హక్కు దరఖాస్తులు పెట్టడం మొదలెడితే పొంగిపోతాయి.

పొంగిన గంటలు ఎక్కడికి పోతాయి? క్లర్క్ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నాల్లోకి. జీతం లేకుండా. దీన్ని పొదుపు అనుకునే కౌన్సిళ్లు ఉన్నాయి. ఆరు వారాలపాటు పావుగంట పావుగంటగా పని చిట్టా రాయించి, దాన్ని కౌన్సిల్ ముందు పెట్టి, గంటలు పెంచుతారా, పనులు తగ్గిస్తారా అని అడగడం ఒక్కటే దీనికి మందు. మూడోదారి లేదు.

జీతానికి జాతీయ స్థాయిలో ఒప్పుకున్న స్కేళ్లు ఉన్నాయి, చాలా కౌన్సిళ్లు వాటినే పాటిస్తాయి. గంటకు 16 పౌండ్లు అనుకుంటే ఏడాదికి 8,320. దీని మీద యజమాని కట్టాల్సిన నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత చందా) ఉంటుంది: 2025 ఏప్రిల్ నుంచి 5,000 దాటిన మొత్తం మీద 15 శాతం, అంటే 498 పౌండ్లు. ఈ చందాలో చిన్న వ్యాపారాలకు దొరికే తగ్గింపు, ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్, కౌన్సిళ్లకు దొరకదు; బడ్జెట్‌లో ఈ 498 మర్చిపోవడం మామూలు. ఉద్యోగి అడక్కపోయినా యజమాని పెన్షన్‌లో చేర్చాల్సిన జీతం హద్దు ఏడాదికి 10,000. దానికి లోపున్నా, 6,240 దాటిన ఉద్యోగి నన్ను చేర్చండి అంటే చేర్చి, యజమాని వాటా కట్టాలి. ఎవరూ చేరకపోయినా సరే, మూడేళ్లకోసారి పెన్షన్ నియంత్రణ సంస్థకు మళ్లీ డిక్లరేషన్ పంపాలి. మర్చిపోతే 400 పౌండ్ల జరిమానా. పది గంటల ఉద్యోగి ఉన్న కౌన్సిల్‌కు అది వారం జీతం కంటే రెండింతలు పైమాటే.

ఉద్యోగం దగ్గర జరిగే తప్పులు దాదాపు ఊరూరా ఒకేలా ఉంటాయి. క్లర్క్‌ను ‘స్వయం ఉపాధి’ కింద చూపి ఇన్‌వాయిస్ మీద డబ్బులివ్వడం మొదటిది. క్లర్క్ పదవిలో ఉన్న మనిషి, జీతం పేరోల్ ద్వారానే పోవాలి. రాతపూర్వక షరతులు మొదటి రోజే చేతికివ్వాలి, 2020 ఏప్రిల్ నుంచి అదే నియమం. ఇక జీతం తీసుకుంటూ కౌన్సిలరే క్లర్క్‌గా ఉండకూడదు, కౌన్సిల్ నుంచి దిగిపోయాక పన్నెండు నెలలదాకా కూడా కుదరదు. జీతం లేకుండా అయితే కౌన్సిలర్ చేయొచ్చు. ఖాళీ వచ్చినప్పుడు చాలా ఊళ్లు ఇలాగే నెట్టుకొస్తాయి. రెండు నెలలకు పర్వాలేదు. రెండేళ్లకు అయితే తనను తాను తనిఖీ చేసుకునే వ్యవస్థ తయారవుతుంది.

అన్నింటికంటే చేటు చేసేది తొమ్మిది మంది యజమానుల పద్ధతి. ఒకరు ఉదయం ఏడింటికి ఫోన్ చేస్తారు, ఇంకొకరు రాత్రి పదింటికి మెయిల్, మరొకరు ‘ముందు నాది’ అంటారు. ముగ్గురితో చిన్న స్టాఫింగ్ కమిటీ వేసి, సెలవులు, పని సమీక్ష, ఫిర్యాదులు అన్నీ వాళ్ల ద్వారానే వెళ్లాలని తీర్మానం చేస్తే ఈ రొద సగం తగ్గుతుంది. ఆ ముగ్గురిలో లేని మరో ముగ్గురిని అప్పీలు కోసం విడిగా ఉంచాలి. మొత్తం కౌన్సిలే ఫిర్యాదు వినేస్తే, అప్పీలు వినడానికి ఆ గొడవలో వేలు పెట్టనివాళ్లు ఎవరూ మిగలరు.

క్లర్క్ అకస్మాత్తుగా మానేసినప్పుడు కౌన్సిల్ ఆగిపోయేది చట్టం తెలియక కాదు. పాస్‌వర్డ్ తెలియక. బ్యాంకు లాగిన్, పన్నుశాఖ ఖాతా, వెబ్‌సైట్ డొమైన్ రెన్యువల్ వచ్చే మెయిల్, పార్కు గేటు తాళంచెవి: ఇవి ఒక సీలు కవర్లో ఛైర్మన్ దగ్గర ఉంటాయా అన్నది అడగాలి. తాత్కాలిక క్లర్కులు దొరుకుతారు, గంటకు మామూలు కంటే ఎక్కువే తీసుకుంటారు; దానికోసం నిల్వల్లో కొంత పక్కన పెట్టిన కౌన్సిల్ కనిపిస్తే దానికి అర నక్షత్రం అదనం.

నలభై పౌండ్ల లెక్క

ఒక ఊహా లెక్క వేద్దాం. ఊరి ట్యాక్స్ బేస్, అంటే ఇళ్లన్నిటినీ బ్యాండ్ డి (ఇంటి విలువను బట్టి పెట్టిన పన్ను మెట్లలో మధ్యది) కింద మార్చి లెక్కగడితే వచ్చేది, 600. కౌన్సిల్ అడిగిన మొత్తం 24,000. భాగిస్తే బ్యాండ్ డి ఇంటికి ఏడాదికి 40 పౌండ్లు. ఆ 24,000లో క్లర్క్‌కు అన్నీ కలిపి 9,000, గడ్డి కోత 5,500, పార్కు తనిఖీ, మరమ్మతులు 2,500, హాలు అద్దె, ఆడిట్, వెబ్‌సైట్, సభ్యత్వాలు 2,300, దీపాల కరెంటు 1,500, బీమా 1,200, ఎన్నికల నిధి 1,000, ఊరి సంఘాలకు గ్రాంట్లు 1,000.

అడిగే ఈ మొత్తాన్ని ‘ప్రిసెప్ట్’ అంటారు. చాలాచోట్ల జనవరికల్లా తేల్చి డిస్ట్రిక్ట్‌కు చెప్పాలి, మామూలుగా ఏప్రిల్‌లో సగం, సెప్టెంబర్‌లో సగం వస్తుంది. కమిటీకి వదిలేయడానికి లేదు, పూర్తి కౌన్సిలే ఓటు వేయాలి. తక్కువ అడిగేస్తే ఏడాది మధ్యలో ఇంకాస్త ఇవ్వండి అనడానికీ వీల్లేదు. పెద్ద కౌన్సిళ్లకున్న రిఫరెండం హద్దు, అంటే ఇంతకు మించి పెంచితే జనం ఓటు అడగాలన్న నియమం, పారిష్‌లకు వర్తింపజేయలేదు కాబట్టి ఎంతైనా పెంచొచ్చు. చిత్రమేమంటే చిన్న కౌన్సిళ్ల జబ్బు పెంచడం కాదు, పెంచకపోవడం. ‘ఐదేళ్లుగా ఒక్క పౌండు పెంచలేదు’ అని ఎన్నికల కరపత్రంలో వేసుకున్న ఊళ్లోనే ఆరో ఏడు పార్కులో జారుడుబల్లకు పసుపు టేపు చుట్టి ఉంటుంది.

కొత్త ఎస్టేట్ వచ్చిన ఊళ్లలో ఇంకో మెలిక. ట్యాక్స్ బేస్ 600 నుంచి 615 అయితే 24,600 అడిగినా మీ ఇంటికి పడేది అదే 40. ప్రిసెప్ట్ పెరిగింది కదా అని కేకలు వేసేముందు బ్యాండ్ డి అంకె చూడాలి. కొత్త ఇళ్ల బిల్డర్ల నుంచి డిస్ట్రిక్ట్ కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ వసూలు చేసే చోట, పారిష్‌కు అందులో 15 శాతం వాటా వస్తుంది, నైబర్‌హుడ్ ప్లాన్ (ఊరు తనకోసం రాసుకున్న అభివృద్ధి ప్రణాళిక) ఆమోదం పొందిన ఊరికైతే 25 శాతం. దాన్ని ఐదేళ్లలో ఖర్చుపెట్టకపోతే డిస్ట్రిక్ట్ వెనక్కి అడగొచ్చు. జీతాలకో, గడ్డి కోతకో వాడుకుందాం అనుకోకూడదు. అది కొత్త జనాభా భారం మోయడానికి ఇచ్చిన డబ్బు. కొత్త ఎస్టేట్‌లోనే ఉంటూ ‘మా డబ్బుతో పాత ఊళ్లో బెంచీలు వేశారు’ అని మండిపడేవాళ్లు ముందు అడగాల్సిన కాగితం ఈ లెవీ వార్షిక నివేదిక. వెబ్‌సైట్‌లో ఉండాలి.

సాధారణ నిల్వ ఎంతుండాలి? మూడు నుంచి పన్నెండు నెలల నికర ఖర్చు. కౌన్సిల్ ఎంత చిన్నదైతే అంత పన్నెండుకు దగ్గరగా. మన ఊహా ఊరికి 6,000 మరీ పలచన, 24,000 మామూలే. ‘బ్యాంకులో ఇంత మూలుగుతుంటే మళ్లీ పన్నా?’ అన్న ప్రశ్నకు జవాబు ఒక పట్టికలో ఉండాలి: ఇంత సాధారణ నిల్వ, ఇంత పార్కు కోసం, ఇంత ఎన్నికల కోసం అని. ఎన్నికల డబ్బు ఎందుకంటే, మధ్యలో ఒక సీటు ఖాళీ అయి పోటీ జరిగితే పోలింగ్ బిల్లును డిస్ట్రిక్ట్ పారిష్‌కే పంపుతుంది.

వ్యాట్ దగ్గర డబ్బు ఊరికే జారిపోతుంది. పార్కులో 9,000 పౌండ్ల ఆట సామాను కొంటే 1,800 వ్యాట్. వ్యాట్ కింద రిజిస్టర్ కాని కౌన్సిల్ కూడా ‘వ్యాట్ 126’ క్లెయిముతో దీన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. నాలుగేళ్లలోపు అడగాలి, ఏడాది కంటే తక్కువ కాలానికి అడిగితే మొత్తం కనీసం 100 పౌండ్లు ఉండాలి. కానీ సామాను కౌన్సిల్ ఆర్డర్ చేసి, కౌన్సిల్ పేరుమీద ఇన్‌వాయిస్ తీసుకుని, కౌన్సిల్ ఖాతాలోంచి కట్టి ఉండాలి. ఎవరో కౌన్సిలర్ తన కార్డు మీద ఆన్‌లైన్లో కొనేసి ‘తర్వాత ఇవ్వండి’ అన్నా, విలేజ్ హాల్ కమిటీ కట్టేసినా తంటా వస్తుంది. హాల్ కమిటీ విడి చారిటీ. దాని వ్యాట్ దానిదే.

ప్రతి చెక్కు మీద ఇద్దరు కౌన్సిలర్ల సంతకం ఉండాలన్న చట్టం 2014లో పోయింది, కానీ బ్యాంకులో ఇద్దరు ఆమోదించే పద్ధతి ఉండాల్సిందే. క్లర్క్ చెల్లింపు ఎక్కిస్తే, ఇద్దరు కౌన్సిలర్లు ఇన్‌వాయిస్ చూసి నొక్కాలి. చూసి అన్నది ఇక్కడ ముఖ్యం. ‘మా బ్యాంకు వివరాలు మారాయి’ అని కాంట్రాక్టర్ పేరుతో వచ్చే మెయిల్ నమ్మి పంపేసిన డబ్బు తిరిగిరావడం కష్టం. పాత నంబరుకు ఫోన్ చేసి అడిగేదాకా ఖాతా మార్చకూడదు. మూడు నెలలకోసారి, ఛైర్మనూ కాని, చెల్లింపులు ఆమోదించే మనిషీ కాని ఒక కౌన్సిలర్ బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని పుస్తకంతో సరిచూసి, స్టేట్‌మెంట్ మీదే సంతకం పెట్టాలి. క్లర్క్ టైపు చేసిన పట్టిక మీద కాదు, స్టేట్‌మెంట్ మీద. ఐదు నిమిషాల పని ఇది. మోసాలు ఏళ్ల తరబడి సాగిన చోట్ల ఎగ్గొట్టేది ఈ ఐదు నిమిషాలనే.

ఏడాది చివర క్లర్కులు ‘ఏగార్’ (AGAR) అని పిలిచే వార్షిక రిటర్న్ వస్తుంది. దీనికంటే చిన్న ఆర్థిక నివేదిక ఏ ప్రభుత్వ సంస్థకూ ఉండదేమో, అయినా ఇందులో పడే తప్పులు అన్నీ ఇన్నీ కావు. మొదటి భాగం పాలనా ప్రకటన, రెండోది లెక్కలు. మొదటిది ఆమోదించాకే రెండోది, రెండూ విడివిడి తీర్మానాలుగా. తారుమారైతే ఆడిటర్ తప్పని రాస్తాడు. నాలుగో గడి జీతాలు: జీతం, యజమాని నేషనల్ ఇన్సూరెన్స్, యజమాని పెన్షన్ వాటా. పెట్రోలు ఖర్చు, శిక్షణ రుసుము అందులోకి రావు, ఆరో గడికి పోవాలి. తొమ్మిదో గడి ఆస్తులు: కొన్న ధర ఏటా అలాగే ఉంటుంది. తరుగుదల తీసేయడం, బీమా విలువ వేసేయడం రెండూ తప్పే. ఎవరో దానమిచ్చిన బెంచీ విలువ 1 పౌండు. కిందటేడుతో పోలిస్తే ఏ గడిలోనైనా 15 శాతానికి మించి తేడా ఉంటే వివరణ రాయాలి, ‘ఖర్చులు పెరిగాయి’ అని కాదు, ఏ ఖర్చు ఎంత అని అంకెలతో.

ఆదాయం, వ్యయం రెండూ 25,000 పౌండ్లు దాటని కౌన్సిల్ బయటి ఆడిట్ నుంచి మినహాయింపు తీసుకోవచ్చు. ఆ మినహాయింపు పత్రం జూన్ 30లోగా పంపాలి. పంపడం మర్చిపోయి, మినహాయింపు ఉందనుకుని కూర్చుని, ఆడిట్ రుసుము కట్టే కౌన్సిళ్లు ఏటా ఉంటాయి. మినహాయింపు ఉన్నా లేకున్నా ప్రజలు లెక్కలు చూసే హక్కు మాత్రం పోదు: 30 పనిదినాలు, అందులో జులై మొదటి 10 పనిదినాలు కలిసి ఉండాలి. ఆ రోజుల్లో ఎవరైనా వెళ్లి ఇన్‌వాయిస్‌లు చూడొచ్చు. కౌన్సిల్ మీద అనుమానమున్నవాళ్లు వాట్సాప్ గ్రూపులో రాసే బదులు జులై మొదటి వారంలో ఒక గంట కేటాయిస్తే చాలు.

2025-26 రిటర్న్ నుంచి కొత్తగా డిజిటల్ నిబంధన ఒకటి చేరింది. కౌన్సిల్ సొంత డొమైన్ మీద ఈమెయిల్ ఉండాలి, వెబ్‌సైట్ చూపు తక్కువున్నవాళ్లకూ పనికొచ్చేలా ఉండాలి, ఐటీ విధానం ఒకటి రాసి ఉండాలి. మీ ఊరి క్లర్క్ మెయిల్ ఇంకా జీమెయిల్‌లోనే ఉంటే, ఈ రిటర్న్‌లో ఆ గడికి ‘అవును’ అని ఎలా టిక్కు పెట్టారో అడగొచ్చు.

గొడవలు

2020 డిసెంబర్‌లో చెషైర్‌లోని హ్యాండ్‌ఫర్త్ పారిష్ కౌన్సిల్ జూమ్ సమావేశం, రెండు నెలల తర్వాత దేశమంతా నవ్వుకుంటూ చూసింది. సమావేశం నడపడానికి సాయంగా వచ్చిన జాకీ వీవర్‌తో ఆమెకు అక్కడ అధికారం లేదని ఛైర్మన్ కేకలు వేయడం, ఆమె ఆయన్ని వెయిటింగ్ రూమ్‌లోకి పంపేయడం అందరికీ గుర్తే. 2021 మే 7 నుంచి ఆన్‌లైన్ సమావేశాలే చెల్లవు కాబట్టి ఆ మీట నొక్కే సౌకర్యం కూడా లేదు. ఓటు వేయాలంటే కౌన్సిలర్లు హాలుకు రావాల్సిందే.

నవ్వులాట పక్కనపెడితే, దారితప్పిన కౌన్సిలర్‌ను ఏం చేయగలరన్నది ఈ సేవలో అన్నిటికంటే బలహీనమైన భాగం. ఫిర్యాదు డిస్ట్రిక్ట్‌లో కౌన్సిలర్ల ప్రవర్తనను చూసే మానిటరింగ్ ఆఫీసర్‌కు వెళ్తుంది. ప్రవర్తనా నియమావళి ఉల్లంఘన అని తేలినా, 2011 లోకలిజం చట్టం సస్పెన్షన్ అధికారాన్ని తీసేసింది కాబట్టి మిగిలేది మందలింపు, క్షమాపణ అడగడం, శిక్షణకు వెళ్లమనడం. పోనీ మనమే ఉద్యోగి ఫిర్యాదు పద్ధతిలో విచారించి కట్టడి చేద్దామా అంటే, 2018లో లెడ్‌బరీ టౌన్ కౌన్సిల్ కేసులో హైకోర్టు అలా కుదరదని చెప్పింది: కౌన్సిలర్ మీద చర్య నియమావళి దారిలోనే. క్లర్క్‌ను ఒక కౌన్సిలర్ వేధిస్తుంటే కౌన్సిల్ చేతిలో ఉన్నది ఇక క్లర్క్‌ను కాపాడే ఏర్పాటే: ఆ కౌన్సిలర్ మెయిళ్లకు జవాబులు ఛైర్మన్ ద్వారా, పని గంటల్లోనే, నెలకోసారి. ఇది శిక్ష కాకుండా ఉద్యోగి క్షేమం కోసం చేసిన ఏర్పాటని తీర్మానంలో స్పష్టంగా ఉండాలి.

డబ్బు ఆశ ఉన్న చోట మాత్రం చట్టానికి కోరలున్నాయి. తన పొలంలో ఇళ్లు కట్టే దరఖాస్తు మీద ఒక కౌన్సిలర్ అందులో తనకున్న ఆర్థిక ప్రయోజనం చెప్పకుండా ఓటేస్తే అది నేరం.

ఊళ్లో జనం అసలు గొడవపడేది చాలావరకు విధానం మీద కాదు, నోటీసు మీద. సమావేశానికి మూడు పూర్తి రోజుల ముందు నోటీసు ఉండాలి. నోటీసు ఇచ్చిన రోజు, సమావేశం రోజు, ఆదివారం, బ్యాంకు సెలవు లెక్కలోకి రావు. మంగళవారం సమావేశమైతే సోమ, శని, శుక్ర మూడు రోజులు. కాబట్టి గురువారానికల్లా బోర్డు మీద ఉండాలి. ఆ సోమవారం బ్యాంకు సెలవైతే బుధవారానికే. అజెండాలో లేని విషయం మీద నిర్ణయం చెల్లదు. ‘ఇతర విషయాలు’ అన్న శీర్షిక కింద గడ్డి కాంట్రాక్ట్ మార్చేసిన కౌన్సిల్ తన మెడకు తానే ఉరి తగిలించుకున్నట్టు.

సమావేశానికి ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, వీడియో కూడా తీసుకోవచ్చు, 2014 నుంచి ఆ హక్కు ఉంది. మాట్లాడే హక్కు మాత్రం చట్టంలో లేదు, కౌన్సిల్ ఇచ్చినంతే. మామూలుగా పదిహేను నిమిషాలు, మనిషికి మూడు. దీన్ని తగ్గించేసే కౌన్సిళ్లు శాంతి కోసమే అంటాయి కానీ, జరిగేది తారుమారు: హాలులో మాట్లాడనివ్వనివాళ్లు సమాచార హక్కు దరఖాస్తుల్లో మాట్లాడతారు. ఒక్కో దానికి 20 పనిదినాల్లో జవాబివ్వాలి. 18 గంటల పని, అంటే 450 పౌండ్ల హద్దు దాటితే నిరాకరించొచ్చు, కేవలం సతాయించడానికే అయితే ఆ చట్టంలోని 14వ సెక్షన్ కింద నిరాకరించొచ్చు. కానీ ఆ నిరాకరణ లేఖ పద్ధతిగా రాయడానికీ క్లర్క్ గంటలే ఖర్చు. చెల్లింపుల జాబితా, కాంట్రాక్టులు, మినిట్స్ ముందే వెబ్‌సైట్‌లో పెట్టేస్తే సగం దరఖాస్తులకు ‘లింకు ఇదిగో’ అన్నది జవాబవుతుంది.

ఏటా మార్చి 1, జూన్ 1 మధ్య జరిగే వార్షిక పారిష్ సభ కౌన్సిల్ సమావేశం కాదు. అది ఓటర్ల సభ, మన గ్రామసభ లాంటిది. ఓటర్లందరూ మాట్లాడొచ్చు, ఓటేయొచ్చు. అక్కడ పది మంది, లేదా వచ్చినవాళ్లలో మూడోవంతు, ఏది తక్కువైతే అంతమంది పట్టుబడితే పారిష్ పోల్ పెట్టాలి. సాయంత్రం 4 నుంచి 9 దాకా పోలింగ్, ఖర్చు పారిష్‌ది, ఫలితానికి కౌన్సిల్ కట్టుబడనక్కర్లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టడమే, అదీ మన పన్నుతో కొన్న గునపంతో.

ఆటస్థలంలో బతుకమ్మో, సంక్రాంతి సంబరమో పెట్టుకోవాలనుకునే సంఘాలకు ఒక మాట. తిరస్కరణలు వివక్ష వల్లే అని తేల్చేసుకునేముందు దరఖాస్తులో ఏం లేదో చూడండి. కౌన్సిల్ బీమా కంపెనీ అడిగేవి: పబ్లిక్ లయబిలిటీ బీమా పత్రం, రిస్క్ అసెస్‌మెంట్, ఎంతమంది వస్తారు, కార్లు ఎక్కడ ఆపుతారు, చీకటి పడ్డాక వెలుతురు ఎలా, మర్నాడు పూలు, ఆకులు ఎవరు ఎత్తుతారు. మైకు పెట్టి పాటల కార్యక్రమం, మద్యం, వేడి భోజనం రాత్రి పొద్దుపోయేదాకా లాంటివి ఉంటే డిస్ట్రిక్ట్‌కు టెంపరరీ ఈవెంట్ నోటీసు అవసరమవుతుందేమో చూసుకోవాలి: 21 పౌండ్లు, పది పనిదినాల ముందు, 500 మంది లోపు. చెరువులో బతుకమ్మలను వదలడానికి విడిగా అనుమతి అడగాలి. ఊరి చెరువు పారిష్‌దే అవ్వాలని లేదు. కౌన్సిల్ నెలకోసారే కలుస్తుంది, ఆగస్టులో చాలాచోట్ల అసలు కలవదు. సెప్టెంబర్, అక్టోబర్ పండుగకు జూన్‌లోనే కాగితం పెట్టడం క్షేమం.

లోపలికి వెళ్లి చూడాలనుకునేవాళ్లకు తలుపు తెరిచే ఉంది. భారత పౌరులు కామన్వెల్త్ పౌరులు కాబట్టి, చెల్లే వీసా ఉంటే ఓటరుగా నమోదు కావొచ్చు; కౌన్సిలర్‌గా నిలబడాలంటే మాత్రం ఐఎల్ఆర్ (గడువు లేని నివాస అనుమతి) ఉండాలి. సీటు ఖాళీ అయినప్పుడు బోర్డు మీద నోటీసు పడుతుంది. 14 పనిదినాల్లో పది మంది ఓటర్లు ఎన్నిక కోరకపోతే కౌన్సిలే ఎవరినైనా చేర్చుకోవచ్చు. చిన్న ఊళ్లలో చాలామంది కౌన్సిలర్లు ఇలా వచ్చినవాళ్లే. చేరాక 28 రోజుల్లో ఉద్యోగం, ఇల్లు, భూమి, వాటాలు, జీవిత భాగస్వామివి కూడా కలిపి ఆర్థిక ప్రయోజనాల రిజిస్టరులో రాయాలి. అది వెబ్‌సైట్‌లో ఊరందరికీ కనిపిస్తుంది. ఇంటి చిరునామా బయటపడితే ప్రమాదమనిపించే కారణం నిజంగా ఉంటే, ఫారం నింపేముందే మానిటరింగ్ ఆఫీసర్‌కు రాయండి; ఆ వివరం దాచి ఉంచే ఏర్పాటు చట్టంలోనే ఉంది.